మాడ్యులర్ మోడల్ రైల్వే: చిన్న లేఅవుట్ల నిర్మాణం, భూదృశ్య రచన

అసలు రైలుమార్గాన్ని నిర్ణీత నిష్పత్తిలో తగ్గించి, కలుపుకోవడానికీ విడదీసుకోవడానికీ వీలుగా విడివిడి ముక్కల మీద కట్టిన నమూనాను మాడ్యులర్ మోడల్ రైల్వే అంటారు. ఒక్కో ముక్క ఒక మాడ్యూల్. అది ఒక చెక్క పెట్టె. పైన పట్టాలు, కింద కరెంటు తీగలు, పట్టాలకు ఇరువైపులా నేల, చెట్లు, ఇళ్లు ఉంటాయి. ఒక్క మాడ్యూల్ మీద రైలు ముందుకూ వెనక్కూ జరగడం తప్ప పెద్దగా చేయగలిగిందేమీ ఉండదు. పదిమంది తమ మాడ్యూళ్లు తెచ్చి ఒక హాల్లో వరసగా కలిపితే మాత్రం అదొక రైల్వే అవుతుంది.

నిర్వచనం, పరిధి

విప్పి మోసుకెళ్లగలిగిన లేఅవుట్లన్నీ మాడ్యులర్ కావు. బ్రిటన్‌లో ప్రదర్శనలకు తెచ్చే లేఅవుట్లు ఎక్కువగా మూడు నాలుగు ముక్కలుగా విడిపోతాయి. కానీ మొదటి ముక్క పక్కన రెండోదే రావాలి, మూడోది కుదరదు. ఇలాంటివాటిని సెక్షనల్ లేఅవుట్లు అంటారు. మాడ్యూల్ విషయం వేరు. ముందుగా ఒప్పుకున్న కొలతలతో కట్టిన ఏ మాడ్యూల్ అయినా మరే మాడ్యూల్ పక్కనైనా ఇమడాలి. కట్టినవాళ్లిద్దరూ ఒకరినొకరు ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు, వేర్వేరు దేశాలవాళ్లు కావచ్చు.

ఈ పద్ధతికి ప్రాణం మాడ్యూల్ అంచులో ఉంది. అంచు దగ్గర పట్టా ఎంత ఎత్తులో ఉండాలి, ముందు అంచు నుంచి ఎంత దూరంలో ఉండాలి, రెండు పట్టాల మధ్య ఎడం ఎంత, తీగల చివర ఏ కనెక్టరు ఉండాలి అన్నవి మాత్రమే ప్రమాణం చెబుతుంది. రెండు అంచుల మధ్య ఎడారి పెట్టాలా, వరిపొలం పెట్టాలా, ఉక్కు కర్మాగారం పెట్టాలా అన్నది కట్టేవారి ఇష్టం. ప్రమాణం ఎంత క్లుప్తంగా ఉంటే అంత ఎక్కువమంది దాన్ని పాటిస్తారని ఈ రంగం చరిత్ర చూపిస్తుంది.

చరిత్ర

అమెరికాలో మోడల్ రైల్వే అభిరుచిపరుల జాతీయ సంఘం, నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్, 1935లో మిల్వాకీలో ఏర్పడింది. ఒక కంపెనీ ఇంజను మరో కంపెనీ పట్టాల మీద నడవకపోవడం ఆనాటి పెద్ద చిక్కు. చక్రాలకు, పట్టాలకు, రైలును లైను మార్చే పాయింట్లకు ఉమ్మడి కొలతలు పెట్టడంతో సంఘం పని మొదలైంది. మాడ్యూళ్ల ఆలోచనకు ఇదే పునాది. కొలతలు కలిస్తే కట్టినవారెవరన్నది పట్టించుకోనక్కర్లేదని అభిరుచిపరులకు అప్పుడే అలవాటైంది.

ఆ తర్వాత చాలాకాలం పాటు ఇంటి నేలమాళిగలో, గ్యారేజీలో కదలకుండా కట్టిన పెద్ద లేఅవుట్లే ఆదర్శంగా ఉండేవి. వాటిలో అత్యంత పేరుపొందినది కాలిఫోర్నియాలోని మాంటెరేలో జాన్ అలెన్ కట్టిన గోరీ అండ్ డెఫిటెడ్. నేల నుంచి కప్పు దాకా లేచిన కొండలు, లోయల మీది వంతెనలు, పాతబడి తుప్పుపట్టినట్టు రంగులద్దిన వ్యాగన్లు ఒక తరం మోడలర్ల కన్ను మార్చేశాయి. 1973 జనవరిలో అలెన్ మరణించారు. కొద్ది రోజులకే ఇల్లు అగ్నిప్రమాదానికి గురై లేఅవుట్ చాలావరకు బూడిదైంది. ఒకే గదికి, ఒకే మనిషికి కట్టుబడిన లేఅవుట్ ఎంత గొప్పదైనా ఎంత నిస్సహాయమో ఆ సంఘటనలో తెలుస్తుంది.

ఆ దశకం తొలి సంవత్సరాల్లోనే అదే కాలిఫోర్నియాలో ఎన్‌ట్రాక్ అనే మాడ్యూళ్ల ప్రమాణం పుట్టింది. దానికి ముందు, 1962లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌కు చెందిన ఆర్నాల్డ్ కంపెనీ 9 మి.మీ. పట్టాల రైళ్లను మార్కెట్లోకి తెచ్చింది. ఇంత చిన్న రైళ్లు వచ్చాక, కారు డిక్కీలో పట్టే పెట్టె మీద కూడా చెప్పుకోదగ్గ దృశ్యం అమరడం సాధ్యమైంది. 1981లో జర్మనీ కేంద్రంగా ఫ్రేమో అనే యూరోపియన్ మోడలర్ల సంఘం ఏర్పడింది. 2000 దశకం మొదట్లో జపాన్ మోడలర్ల చిన్న మాడ్యూళ్ల స్ఫూర్తితో టీ-ట్రాక్ అనే ప్రమాణం రూపొంది, అక్కడి నుంచి అమెరికాకు, ఆస్ట్రేలియాకు, యూరప్‌కు వ్యాపించింది.

స్కేలు, గేజ్

అసలు వస్తువుకూ నమూనాకూ మధ్య ఉన్న నిష్పత్తి స్కేలు. రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరం గేజ్. ప్రపంచంలో ఎక్కువ వాడుకలో ఉన్న హెచ్‌ఓ స్కేలు నిష్పత్తి 1:87, గేజ్ 16.5 మి.మీ. ఎన్ స్కేలులో గేజ్ 9 మి.మీ. నిష్పత్తి అమెరికాలోనూ యూరప్ ఖండంలోనూ 1:160, బ్రిటన్‌లో 1:148. జపాన్‌లో మామూలు రైళ్లకు 1:150 వాడతారు, షింకన్‌సెన్‌కు 1:160. 1972లో మెర్క్లిన్ తెచ్చిన జెడ్ స్కేలు ఇంకా చిన్నది. నిష్పత్తి 1:220, గేజ్ 6.5 మి.మీ.

ఈ అంకెలు కట్టేవారి చేతికి ఏమి ఇస్తాయో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. భారతీయ ఎల్‌హెచ్‌బీ బోగీ పొడవు దాదాపు 24 మీటర్లు. హెచ్‌ఓలో అది 276 మి.మీ., ఎన్‌లో 150 మి.మీ. అవుతుంది. 24 బోగీల ఎక్స్‌ప్రెస్‌ను నిష్పత్తి తప్పకుండా చేయాలంటే ఎన్ స్కేలులోనే 3.6 మీటర్లు కావాలి, అదీ ఇంజను కాకుండా. అందుకని మోడలర్లు ఆరేడు బోగీలతోనే సూపర్‌ఫాస్ట్ అనిపిస్తారు. వంపులదీ ఇదే కథ. భారతీయ బ్రాడ్ గేజ్‌లో అనుమతించే కనిష్ఠ వ్యాసార్ధం 175 మీటర్లు. టీ-ట్రాక్ మూల మాడ్యూల్ మీద లోపలి వంపు వ్యాసార్ధం 282 మి.మీ. 160 రెట్లు చేసినా అది 45 మీటర్లే. అందుకే వంపు కొంత భాగాన్ని కొండ వెనకకో, భవనాల వెనకకో దాచేస్తారు.

ప్రధాన ప్రమాణాలు

*ఎన్‌ట్రాక్.* మామూలు మాడ్యూల్ 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు ఉంటుంది. ముందు అంచు నుంచి 4, 5.5, 7 అంగుళాల దూరంలో మూడు మెయిన్ లైన్లు సాగుతాయి. వాటిని ఎరుపు, పసుపు, నీలం లైన్లు అంటారు. నేల నుంచి పట్టా ఎత్తు 40 అంగుళాలు. పెట్టెలను బిగింపు క్లాంపులతో కలిపి, మధ్యలో మిగిలే ఖాళీని చిన్న పట్టా ముక్కలతో పూరిస్తారు. మూడు లైన్ల మీదా పొడవాటి రైళ్లు ఆగకుండా తిరుగుతాయి కాబట్టి ప్రజా ప్రదర్శనలకు ఇది బాగా నప్పుతుంది. ఒంటి లైను చాలనుకునేవారి కోసం తర్వాత వన్‌ట్రాక్ వచ్చింది.

*ఫ్రేమో, ఫ్రీ-మో.* ఫ్రేమో సమావేశాల్లో గుండ్రంగా తిరిగే మార్గం ఉండదు. ఒక స్టేషన్ నుంచి మరో స్టేషన్‌కు, హాలంతా పాకుతూ, ఒంటి లైను సాగుతుంది. హెచ్‌ఓ మాడ్యూళ్లలో పట్టా నేలకు 1.3 మీటర్ల ఎత్తున ఉంటుంది. నిలబడ్డ మనిషికి రైలు దాదాపు కంటికి ఎదురుగా వస్తుంది. మాడ్యూల్ పొడవు, ఆకారం కట్టేవారి ఇష్టం, అంచు పలకలు మాత్రం ప్రమాణం ప్రకారం ఉండాలి. అమెరికాలోని ఫ్రీ-మో ఇదే ధోరణిలో నడుస్తుంది. పట్టా ఎత్తు 50 అంగుళాలు, అంచు పలక వెడల్పు 24 అంగుళాలు.

*టీ-ట్రాక్.* చిన్న ఇళ్లలో ఉండేవారికి, కొత్తగా మొదలుపెట్టేవారికి ఇంతకన్నా అనువైనది లేదు. కాళ్లు అక్కర్లేదు, బల్ల మీద పెట్టేయొచ్చు. ఒంటి మాడ్యూల్ పొడవు 308 మి.మీ., లోతు మామూలుగా 210 మి.మీ. దాని మీద కాటో కంపెనీ యూనిట్రాక్ పట్టాలు 248 మి.మీ. ముక్క ఒకటి, 62 మి.మీ. ముక్క ఒకటి, మొత్తం 310 మి.మీ. వస్తాయి. అంటే రెండు కొసల్లోనూ పట్టా పెట్టె కన్నా ఒక్కో మిల్లీమీటరు బయటికి ఉంటుంది. ఈ రెండు మిల్లీమీటర్ల లోనే ప్రమాణం తెలివంతా ఉంది. పెట్టెలు ఒకదానికొకటి తగలకముందే పట్టాలు కలుస్తాయి, వాటి జాయినర్లు టక్కున పట్టుకుంటాయి. క్లాంపులు, బోల్టులు ఏవీ అక్కర్లేదు. జంట మాడ్యూల్ 618 మి.మీ., మూడింతలది 928 మి.మీ. మూల మాడ్యూల్ 365 మి.మీ. చతురస్రం. రెండు లైన్ల మధ్య దూరం 33 మి.మీ. పెట్టె కనిష్ఠ ఎత్తు 70 మి.మీ. బల్ల హెచ్చుతగ్గులను సరిచేయడానికి నాలుగు మూలలా తిప్పే మరలు ఉంటాయి.

పెట్టె, పట్టాలు, కరెంటు

పెట్టెకు 6 నుంచి 12 మి.మీ. మందం ప్లైవుడ్ వాడతారు. ఎంత మంచి దృశ్యం కట్టినా పెట్టె మెలి తిరిగితే రైలు పట్టా తప్పుతుంది. కాబట్టి వడ్రంగి మూలమట్టంతో మూలలు చూసుకోవడం, అంచు పలకలు నిటారుగా ఉన్నాయో లేదో సరిచూడటం మొదటి పని. ప్లైవుడ్‌కు లోపలా బయటా రంగు లేదా వార్నిష్ పూస్తే వానాకాలం తేమకు ఉబ్బదు. విశాఖ, చెన్నై లాంటి తీరప్రాంతాల్లో ఇది తప్పనిసరి. బరువు తగ్గించాలనుకునేవారు పైభాగానికి గట్టి ఫోమ్ పలకలు వాడతారు. పూసలు రాలే మామూలు థర్మకోల్ కన్నా వీటిని చక్కగా కోయవచ్చు, చెక్కవచ్చు.

పట్టాలు వేశాక ప్రతి అతుకు మీదా వేలి గోరు నడిపి చూస్తారు. గోరు తట్టుకున్న చోట చక్రమూ తట్టుకుంటుంది. చిన్న ఆకురాయితో లోపలి అంచు సాపు చేస్తే సరిపోతుంది. పట్టాలు ఇత్తడివైతే త్వరగా నల్లబడి కరెంటు సరిగా అందనివ్వవు. అందుకే ఇప్పుడు ఎక్కువగా నికెల్ సిల్వర్ పట్టాలు వాడుతున్నారు.

మామూలు డీసీ పద్ధతిలో పట్టాలకు గరిష్ఠంగా 12 వోల్టులు అందుతాయి. వోల్టేజి పెరిగితే వేగం పెరుగుతుంది, ధ్రువాలు మారిస్తే దిశ మారుతుంది. ఒక లైను మీద ఎన్ని ఇంజన్లుంటే అన్నీ ఒకేసారి కదులుతాయి. డీసీసీ అనే డిజిటల్ పద్ధతిలో పట్టాల్లో ఎప్పుడూ పూర్తి కరెంటుంటుంది. ఆదేశాలు అదే కరెంటులో సంకేతాలుగా ప్రయాణిస్తాయి, ప్రతి ఇంజనులోని డీకోడరు తన నంబరుకు వచ్చినదే వింటుంది. జర్మనీలో లెంజ్ కంపెనీ అభివృద్ధి చేసిన విధానం ఆధారంగా 1990 దశకంలో అమెరికా జాతీయ సంఘం దీనికి ప్రమాణం ఇచ్చింది. మాడ్యూల్ కింద లావాటి జంట తీగలు ఒక కొస నుంచి మరో కొసకు సాగుతాయి. వాటి నుంచి ప్రతి పట్టా ముక్కకూ సన్నటి తీగ టంకం పెట్టి కలుపుతారు. ఎన్‌ట్రాక్‌లో కొసల కనెక్టర్లకు ఇప్పుడు ఆండర్సన్ పవర్‌పోల్ రకం వాడుకలో ఉంది. టీ-ట్రాక్‌లో ముందు లైనుకూ వెనక లైనుకూ కలిపి నీలం, తెలుపు, తెలుపు, నీలం వరసలో తీగలు పెడతారు. వరస తప్పిన మాడ్యూల్ ఒక్కటి చేరినా లైను మొత్తం షార్టయి ఆగిపోతుంది.

భూదృశ్య రచన

*నేల రూపం.* పట్టా మట్టం కన్నా కిందికి దిగే కాలువో, పల్లపు పొలమో ఉంటేనే దృశ్యానికి లోతు వస్తుంది. అందుకే అనుభవమున్నవారు పెట్టె పైభాగాన్ని మొత్తం ఒకే పలకతో మూసేయరు. ఫోమ్ పలకలను పొరలుగా అతికించి కత్తితో చెక్కుతారు, పైన ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచిన గుడ్డ ముక్కలు పరుస్తారు. రాతి ముఖాలకు రబ్బరు అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, ఆరాక అతికిస్తారు. తెల్ల ప్లాస్టర్ మీద నీళ్లలా పల్చని రంగులు రెండు మూడు, మచ్చలు మచ్చలుగా అద్ది, చివర నల్లటి పల్చని పూత పోస్తారు. ఆ నలుపు పగుళ్లలోకి దిగి రాయికి వయసు తెస్తుంది.

*కంకర.* మొత్తం పనిలో ఓపికను ఎక్కువ పరీక్షించేది ఇదే. భారతీయ రైల్వేలు వాడే కంకర గరిష్ఠంగా 65 మి.మీ. హెచ్‌ఓ నిష్పత్తిలో అది ముప్పాతిక మిల్లీమీటరు, ఎన్‌లో 0.4 మి.మీ. మాత్రమే. సన్న జల్లెడ పట్టిన నల్లరాతి పొడి సరిగ్గా కుదురుతుంది. పొడిని స్లీపర్ల మధ్య పోసి మెత్తటి బ్రష్షుతో సర్దుతారు. ఒక్క రేణువు కూడా పట్టా లోపలి అంచున నిలవకూడదు, పాయింట్లు కదిలే చోట అసలు పడకూడదు. తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క కలిపిన నీళ్లు మంచులా పిచికారీ చేస్తారు. ఈ తడి లేకుండా జిగురు వేస్తే అది బొట్లుగా నిలిచి కంకరను గుంతలు చేస్తుంది. అప్పుడు నీళ్లలో పల్చగా కలిపిన తెల్ల ఫెవికాల్‌ను సిరంజితో చుక్క చుక్కగా వదులుతారు. అది పాల రంగులో పరచుకుని, తెల్లారేసరికి జాడ లేకుండా ఆరి, కంకర రాయిలా బిగుస్తుంది. యూనిట్రాక్ లాంటి పట్టాలకు ప్లాస్టిక్ కంకర ముందే ఉంటుంది. దాని మెరుపు పోగొట్టడానికి పక్కలకు కొంత అసలు పొడి అతికిస్తే చాలు.

*పచ్చదనం.* సంక్రాంతి బొమ్మల కొలువు ముందు ఆవాలు మొలకెత్తించి పొలాలు చేసే తెలుగు ఇళ్లకు ఈ పని స్వభావం కొత్తది కాదు. ఒకప్పుడు మోడలర్లు రంగు వేసిన రంపపు పొట్టుతోనే గడ్డి చేసేవారు. తర్వాత రంగు స్పంజి పొడి వచ్చింది. అమెరికాలో వుడ్‌లాండ్ సీనిక్స్ లాంటి కంపెనీలు దాన్ని అన్ని రంగుల్లో అందించాయి. ఇప్పుడు స్టాటిక్ గడ్డి బాగా వాడుకలో ఉంది. స్థిర విద్యుత్తు పుట్టించే చేతి పరికరంలో పొట్టి నైలాన్ పోగులు వేసి జిగురు మీద చల్లితే అవి నిటారుగా నిలుచుంటాయి. రెండు మూడు పొడవులు, రెండు మూడు రంగులు కలపకపోతే అది పచ్చటి తివాచీలా కనిపించి దృశ్యాన్ని చెడగొడుతుంది.

*నీరు, నేపథ్యం.* చెరువుకు అడుగున ముదురు రంగు వేసి, పైన స్వచ్ఛమైన రెజిన్ పల్చటి పొరలుగా పోస్తారు. మందంగా ఒకేసారి పోస్తే వేడెక్కి పగుళ్లు రావచ్చు. వెనక నిలబెట్టే ఆకాశపు పలకకు పైన నీలం, దిగంతం దగ్గర తెలుపు కలిసిన రంగు వేస్తే దూరం పెరిగినట్టుంటుంది. పొరుగు మాడ్యూల్‌తో అకస్మాత్తుగా తెగిపోయినట్టు కనిపించకుండా కొన్ని సంఘాలు అంచుల్లో కంకర రంగును కూడా నిర్దేశిస్తాయి.

రైళ్లను నడపడం

దృశ్యం చూసి మురిసేవారు కొందరు, షంటింగ్ కోసమే కట్టేవారు మరికొందరు. బ్రిటన్‌లో అలన్ రైట్ రూపొందించిన ఇంగిల్‌నుక్ సైడింగ్స్ చిన్న జాగాలో చేయగలిగిన షంటింగ్‌కు ప్రసిద్ధ ఉదాహరణ. మూడు సైడింగ్‌లలో వరసగా ఐదు, మూడు, మూడు వ్యాగన్లు పడతాయి. ఇంజను ముందు లైనులో మూడు వ్యాగన్లకే చోటుంటుంది. ఎనిమిది వ్యాగన్లలో చీటీలు తీసి ఐదింటిని చెప్పిన వరసలో పేర్చాలి. సాధ్యమయ్యే వరసలు 6,720. అరగజం వెడల్పు కూడా లేని పలక మీద ఇంత ఆట దాగి ఉండటం ఈ నమూనా గొప్పదనం.

ఫ్రేమో సమావేశాల్లో టైంటేబుల్, వేగంగా తిరిగే గడియారం, ప్రతి వ్యాగన్‌కూ ఒక కార్డు ఉంటాయి. ఏ స్టేషన్ నుంచి ఏ సరుకు ఎక్కడికి వెళ్లాలో కార్డు చెబుతుంది. అమెరికాలో ఇలాంటి కార్డు, వేబిల్లు పద్ధతిని డగ్ స్మిత్ 1961లో ప్రచారంలోకి తెచ్చారు.

తెలుగు నేల మీది మార్గాలు

భారతీయ బ్రాడ్ గేజ్ 1,676 మి.మీ. 1:87లో అది 19.3 మి.మీ. కావాలి. దొరికే పట్టాలు మాత్రం 16.5 మి.మీ., అంటే అసలులో 1,435 మి.మీ.కు సమానం. భారతీయ బోగీలను ఈ పట్టాల మీద నడిపేవారు ఈ తేడాకు ఒప్పుకోక తప్పదు. మీటర్ గేజ్‌కు ఈ ఇబ్బంది తక్కువ. 1:87లో అది 11.5 మి.మీ. కాబట్టి 12 మి.మీ. పట్టాలు దాదాపు సరిపోతాయి. మొదట మీటర్ గేజ్‌గా ఉన్న సికింద్రాబాద్–మన్మాడ్ మార్గాన్ని ఇలా చేయవచ్చు.

ఇంకా చక్కగా కుదిరేది శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలైన చిన్న రైలు. దాని గేజ్ 762 మి.మీ. 1:87లో అది 8.8 మి.మీ. అవుతుంది, అంటే ఎన్ స్కేలు 9 మి.మీ. పట్టాల మీద హెచ్‌ఓ నిష్పత్తి బోగీలు పెడితే సరి. తర్వాత ఆ మార్గం బ్రాడ్ గేజ్‌గా మారింది. నౌపడ ఉప్పు మడులు మాడ్యూల్‌కు సిద్ధంగా ఉన్న దృశ్యం: చదును నేల, సన్నటి గట్లు, తెల్లటి కుప్పలు. కుప్పలకు నిజమైన ఉప్పు వాడకూడదు, అది తేమ పీల్చి లోహాన్ని తినేస్తుంది. ముగ్గుపిండిలో జిగురు కలిపి చేస్తే అదే తెలుపు వస్తుంది.

రాజమండ్రి దగ్గర 1997లో ప్రారంభమైన గోదావరి ఆర్చ్ వంతెనకు 28 స్పాన్లు ఉన్నాయి, ఒక్కోటి దాదాపు 97 మీటర్లు. 1:160లో ఒక స్పాను 61 సెం.మీ. అంటే నాలుగడుగుల ఎన్‌ట్రాక్ మాడ్యూల్‌లో సరిగ్గా రెండు స్పాన్లు పడతాయి. పద్నాలుగు మంది తలా ఒక మాడ్యూల్ కడితే గోదావరి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా, ఒక్క స్పాను కూడా తగ్గించకుండా, 17 మీటర్ల హాల్లో నిలుస్తుంది.

ప్రాంతాన్ని పట్టించేవి చిన్న వస్తువులే. పసుపు పలక మీద నల్ల అక్షరాలతో తెలుగు, హిందీ, ఇంగ్లిష్ పేర్లు, అడుగున సముద్రమట్టం నుంచి ఎత్తు రాసిన స్టేషన్ బోర్డు వాటిలో మొదటిది. 5.5 మీటర్ల ఎత్తున సాగే కరెంటు తీగ ఎన్ స్కేలులో పట్టా మీద 34 మి.మీ. ఎత్తున ఉండాలి. 20 మీటర్ల తాటిచెట్టు 125 మి.మీ. అవుతుంది. దాన్ని 60 మి.మీ.కు కుదిస్తే పక్కన బోగీ రాక్షసంలా కనిపిస్తుంది. (ఇవీ చూడండి: నౌపడ–గుణుపురం మార్గం, పుణేలోని జోషీ సూక్ష్మ రైల్వే మ్యూజియం.)

నిల్వ, రవాణా

మాడ్యూల్‌కు ఎక్కువ దెబ్బలు తగిలేది ప్రయాణంలోనే. సమాన పొడవున్న రెండింటిని ఎదురెదురుగా తిప్పి, కొసలకు రెండు చెక్క పలకలు బిగిస్తే మధ్యలో చెట్లు, స్తంభాలు భద్రంగా ఉంటాయి. టీ-ట్రాక్ మాడ్యూళ్లను అరల పెట్టెలో, పుస్తకాలలా కాకుండా సొరుగుల్లా అడ్డంగా దూర్చుతారు. భవనాలను అతికించకుండా చిన్న అయస్కాంతాలతో నిలిపితే విడిగా చుట్టి పెట్టుకోవచ్చు. పట్టా కొసలు పెట్టె అంచున బయటికి ఉంటాయి కాబట్టి వాటికి ఫోమ్ తొడుగులు వేస్తారు. హాలుకు చేరాక ముందు బల్లల మట్టం, తర్వాత అతుకులు, చివర తీగల వరస సరిచూసి, ఒకే ఇంజనును నెమ్మదిగా లైనంతా తిప్పుతారు. అది ఎక్కడా ఆగకుండా తిరిగొచ్చాకే రైళ్లు పెడతారు.